మందు డబ్బాకు తాళమేదీ?

పత్తి, మిరప వేసే రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుంటుంది? చాలా ఇళ్లల్లో మంచం కిందో, గూట్లోనో, బియ్యం బస్తా పక్కనో ఉంటుంది. చేలో పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. మందు ఖరీదైనదే, కాదనం. కానీ అదే ఇంట్లో పాకే బిడ్డ, తప్పటడుగులేసే బిడ్డ కూడా ఉంటారు. చేతికందిందల్లా నోట్లో పెట్టుకోవడం ఆ వయసు పిల్లల నైజం. ఏదైనా జరిగితే అందరూ తల్లిని అంటారు. కలుపు తీసి, వంట చేసే మనిషి ఎంతసేపని కాపు కాస్తుంది? డబ్బా అందకుండా పెట్టడమే అసలు కాపలా. అది మందు కొని తెచ్చిన మగవాళ్ల పని.

2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ ఉందని పరీక్షల్లో తేలింది. మన పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మందే అది. విషం వంటింటి దాకా వస్తే ఏమవుతుందో ఇంతకంటే చెప్పాలా?

మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోయడం అన్నిటికంటే ప్రమాదం. పిల్లాడికి కనపడేది కూల్‌డ్రింకే. మందు ఎప్పుడూ దాని డబ్బాలోనే ఉండాలి. కొట్టే రోజుకు సరిపడా తెచ్చుకుంటే దాచే బాధే ఉండదు. మిగిలితే పాత రేకు పెట్టెలో పెట్టి తాళం వేయండి. పెట్టె వంటింటికి, పడకకు, పశువుల దాణాకు దూరంగా ఉండాలి. తాళంచెవి మీ మొలతాడుకే ఉండాలి. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి ఆ నీళ్లు స్ప్రేయర్లోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడిచి, ఇళ్లకు, బావులకు దూరంగా పాతిపెట్టండి. కిరోసిన్‌కో, మంచినీళ్లకో దాన్ని వాడొద్దు.

బిడ్డ మందు మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్లండి. ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలడు.

స్ప్రేయర్లకు రాయితీ ఇచ్చిన ప్రభుత్వాలు తాళం పెట్టెకూ ఇవ్వాలి. మందు అమ్మే దుకాణదారు ఎన్ని మిల్లీలీటర్లు కలపాలో చెప్పినట్టే, ఎక్కడ దాచాలో కూడా చెప్పాలి. వాళ్లు చేసేదాకా ఆగక్కర్లేదు. పంటను పురుగు నుంచి కాపాడుకునే రైతుకు, ఆ మందు నుంచి బిడ్డను కాపాడుకోవడానికి ఒక్క తాళం బరువా?