హవల్లీ డ్రైవర్లు అడిగే ప్రశ్నలు

కువైట్‌లో నాలుగో రింగ్ రోడ్డుకు ఇవతల హవల్లీ అపార్టుమెంట్లు, అవతల జాబ్రియా విల్లాలు. ఇవతల అద్దె ఇళ్లలో రకరకాల దేశాల ఉద్యోగులు ఉంటారు. అవతల జాబ్రియా, బయాన్, సల్వా, రుమైథియాల్లో కువైటీ కుటుంబాలు ఎక్కువ. ఆ ఇళ్లలో బండి నడిపేవాళ్లలో మనవాళ్లు చాలామంది కనిపిస్తారు. రాయచోటి, రాజంపేట, కడప పల్లెల నుంచి, కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన హౌస్ డ్రైవర్లు. హవల్లీ గవర్నరేట్‌లో ఎవరైనా తెలుగువాడు పాత కారు కొనాలంటే ముందు వెళ్లేది వీళ్ల దగ్గరికే. "అన్నా, ఈ బండి తీసుకోవచ్చా?" అని అడిగితే వాళ్లు అవుననో కాదనో అనరు. తిరిగి ప్రశ్నలు వేస్తారు. జీసీసీ స్పెక్కా, వారిద్ అమెరికానా? కంప్రెసర్ ఎప్పుడు మార్చారు? గేరుబాక్సు దించారా? సర్వీసు ఏజెన్సీలోనా, షువేఖ్‌లోని బయటి గ్యారేజీలోనా?

మన ఊళ్లో అదే సందర్భంలో మొదట వచ్చే ప్రశ్న అందరికీ తెలుసు. మైలేజ్ ఎంత ఇస్తుంది? రెండోది, రీసేల్ ఎలా ఉంటుంది? ఆ తర్వాత ఓనర్ ఎన్నోవాడో అడిగి, బ్యానెట్ ఎత్తి, తెలిసిన మెకానిక్‌తో ఒక చుట్టు తిప్పించి బేరంలో దిగుతాం. ఏడెనిమిదేళ్లు వాడుకోబోయే వస్తువును తొలి అరగంటలో కనిపించేదాన్ని బట్టి కొంటున్నాం. ఈ బండిని ఇన్నేళ్లు నడిపినవాళ్లకు ఎదురైన ఇబ్బందులేమిటో తెలుసుకోవాలన్న పట్టుదల మనలో తక్కువ. ఇది మార్చుకోగలిగిన అలవాటే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఈ తేడా ఎందుకొచ్చిందో చూడాలి. కువైట్‌లో 95 ఆక్టేన్ సూపర్ పెట్రోలు లీటరు 105 ఫిల్సులు, అంటే సుమారు 30 రూపాయలు. మైలేజ్ గురించి అక్కడ దిగులు లేదు. దిగులంతా ఎండ గురించే. 2016 జూలై 21న ఆ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి వేడిలో ఏసీ ఆగిన కారు, కదలని కారుతో సమానం. బ్యాటరీ రెండేళ్లు నిలిస్తే బాగా నిలిచినట్టు. రబ్బరు హోసులు, గాస్కెట్లు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకులు ఎండకు పెళుసెక్కి పగులుతాయి. పెద్ద రేడియేటర్‌తో, బలమైన ఏసీతో గల్ఫ్ కోసమే తయారైన బండ్లను అక్కడ జీసీసీ స్పెక్ అంటారు. అమెరికా నుంచి వాడేసినవి తెస్తే అవి వారిద్ అమెరికా. ప్రమాదంలో దెబ్బతిన్నవో, వరద నీళ్లలో మునిగినవో కూడా వాటిలో కలిసి వస్తుంటాయి కనుక ఆ మాట వినగానే ధర తగ్గుతుంది. అక్కడి ప్రశ్నలు అక్కడి వాతావరణం నుంచి పుట్టాయి.

మనకు పెట్రోలు వంద దాటింది కాబట్టి మైలేజ్ అడగడం తప్పు కాదు. కానీ లెక్క వేసి చూద్దాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి, లీటరుకు 15 ఇచ్చే బండికీ 18 ఇచ్చే బండికీ తేడా సుమారు 110 లీటర్లు. ఏడాదికి 12 వేల రూపాయలు. ఒక ఆటోమేటిక్ గేరుబాక్సు చెడితే ఎనిమిదేళ్ల ఆ మిగులంతా ఒక్క బిల్లులో పోతుంది. అయినా గేరుబాక్సు గురించి అడిగేవాళ్లు మన దగ్గర అరుదు.

హౌస్ డ్రైవర్ల మాటకు విలువ రావడానికి ఇంకో కారణం ఉంది. ఆ బండి వాళ్లది కాదు. సొంత కారు గురించి అడిగితే మనిషి తన ఎంపికను సమర్థించుకుంటాడు. అప్పు తెచ్చి కొన్నదాన్ని, బంధువుల ముందు కొబ్బరికాయ కొట్టించినదాన్ని, నాలుగేళ్లలో మూడుసార్లు తోసుకెళ్లామని ఒప్పుకోవడం కష్టం. పైగా రేపు అమ్మాల్సిన బండి. మన ఊళ్లో "మీ కారు ఎలా ఉంది?" అంటే "సూపర్ అండి, ఒక్క ప్రాబ్లమ్ లేదు" అనే జవాబు వస్తుంది. అబద్ధం చెప్పాలని కాదు, ఆ ప్రశ్నే మెప్పును కోరుతోంది. హౌస్ డ్రైవర్‌కు ఆ బరువు లేదు. పక్క విల్లాలో అదే మోడల్ నడిపే మనిషితో, ఎదురింట్లో వేరే మోడల్ నడిపే మనిషితో అతను రోజూ స్కూలు గేటు దగ్గర మాట్లాడతాడు. ఒకే ఎండ, ఒకే రోడ్లు, ఒకే రకం వాడకం, పక్కపక్కన పదేళ్ల అనుభవం. పోలికకు ఇంతకంటే మంచి పరిస్థితి దొరకదు.

ఆ స్కూలు గేటే ఇంకో విషయం నేర్పుతుంది. హవల్లీలో ప్రైవేటు స్కూళ్లు చాలా ఎక్కువ. మధ్యాహ్నం పిల్లలు బయటికొచ్చే దాకా బండ్లు ఏసీ వేసుకుని, ఇంజన్ ఆపకుండా నిలబడతాయి. ఆ సమయం మీటరులో పడదు, ఇంజన్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. ఫోర్డ్ సంస్థ కఠినమైన పనికి వాడే తన కొన్ని వాహనాల విషయంలో, గంటసేపు ఐడ్లింగ్‌ను 33 మైళ్ల ప్రయాణంగా లెక్కించి ఆయిల్ మార్చమంటుంది. అంటే 53 కిలోమీటర్లు. కాబట్టి రీడింగ్ తక్కువున్న స్కూలు బండి కంటే, సౌదీ సరిహద్దు దాకా హైవే మీద తిరిగిన ఎక్కువ రీడింగ్ బండే మేలని అక్కడి డ్రైవర్లు చెబితే అందులో అర్థం ఉంది. హైదరాబాద్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో మూడేళ్లు నలిగిన 25 వేల కిలోమీటర్ల కారుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. "తక్కువ తిరిగింది" అనేది మన దగ్గర ఇంకా పెద్ద గుణంగానే చలామణీ అవుతోంది.

అయితే డ్రైవర్ల మాటను కూడా తూచి తీసుకోవాలి. బిల్లు కట్టేది యజమాని, కనుక ఖర్చు వాళ్లకు సరిగ్గా తెలియకపోవచ్చు. రోడ్డు మీద ఇంకా తిరుగుతున్న పాత ల్యాండ్ క్రూయిజర్లను చూసి ఆ బండి చావదని అంటారు. మధ్యలో ఆగిపోయి తుక్కుకు వెళ్లినవి ఎవరి కళ్లకూ కనబడవు. మన అంబాసిడర్ గురించి మనం చెప్పుకునే మాటల్లోనూ ఈ లోపం ఉంది. ఇక హవల్లీలో ఈ జ్ఞానమంతా నోటిమాటగానే ఉంది. మనిషి వీసా ముగించుకుని ఊరికి వెళ్లిపోతే అతని అనుభవం కూడా విమానం ఎక్కేస్తుంది.

అనుభవాన్ని మనిషి నుంచి విడదీసి కాగితం మీద నిలబెట్టినవాళ్లు వేరే చోట ఉన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది బెల్జియం పద్ధతి. అక్కడ కారు సర్వీసుకో, టైర్లకో, తనిఖీకో ఎక్కడికి వెళ్లినా ఆ గ్యారేజీ మీటరు రీడింగ్‌ను ఒక ఉమ్మడి సంస్థకు పంపాలి. బండి అమ్మేటప్పుడు ఆ రీడింగులన్నీ తేదీలతో ఉన్న కార్ పాస్ అనే పత్రం ఇవ్వాలి. 2006 చివరి నుంచి ఇది తప్పనిసరి. పత్రం ఇవ్వకపోతే కొన్నవాడు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. మీటరు వెనక్కి తిప్పే వ్యాపారం అక్కడ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇందులో గొప్ప యంత్రాంగమేమీ లేదు. ఎలాగూ బండిని చూసే మనిషి, చూసిన అంకెను రాసిపెడతాడు.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకు ఏటా ఎమ్‌ఓటీ తనిఖీ ఉంటుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఎవరికైనా, ఉచితంగా, ఆ బండి ఏ ఏడు ఎంత తిరిగిందో, ఏ ఏడు దేనివల్ల ఫెయిలైందో, ఏ భాగం త్వరలో మార్చాలని హెచ్చరించారో కనిపిస్తుంది. 2005 నుంచి వివరాలు ఉన్నాయి. నంబర్లు తీసేసిన మొత్తం సమాచారాన్ని కూడా ప్రభుత్వమే బయటపెడుతుంది. ఫలానా మోడల్ పదేళ్లకు ఎలా ఉంటుందో ఓపిక ఉన్న కుర్రాడు ఇంట్లో కూర్చుని లెక్క తీయొచ్చు.

జర్మనీలో టీయూవీ సంస్థలు ఏటా దాదాపు కోటి తనిఖీల ఫలితాలను మోడల్ వారీగా, వయసు వారీగా ప్రచురిస్తాయి. 2025 నివేదికలో రెండు, మూడేళ్ల కార్లలో హోండా జాజ్ మొదటి స్థానంలో నిలిచింది, పెద్ద లోపాలు 2.4 శాతం. చివరి స్థానంలో టెస్లా మోడల్ 3, 14.2 శాతం. ఈ అంకె చూసి టెస్లా ఊరికే ఆగిపోతుందనుకుంటే పొరపాటు. ఆ తనిఖీ చూసేది బ్రేకులు, లైట్లు, యాక్సిల్, సస్పెన్షన్ లాంటి భద్రతా భాగాలను. హవల్లీ డ్రైవర్‌కు ప్రాణమైన ఏసీ ఆ లెక్కలో లేనే లేదు.

అమెరికాలోనూ ఇలాంటి జాగ్రత్త అవసరమే. జేడీ పవర్ సంస్థ మూడేళ్లు నిండిన కార్ల యజమానులను అడిగి, వంద బండ్లకు ఎన్ని సమస్యలో చెబుతుంది. 2025లో సగటు 202, అన్నిటికంటే తక్కువగా లెక్సస్‌కు 140. కానీ ఫోను కారుకు కనెక్ట్ కాకపోవడం కూడా అక్కడ ఒక సమస్యే. గేరుబాక్సు పోవడమూ ఒక సమస్యే. 1936లో పుట్టిన కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ ఈ విషయంలో మెరుగు. ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే కార్లను సొంత డబ్బుతో కొంటుంది, సభ్యుల అనుభవాలను సేకరించి ఇంజన్, గేరుబాక్సు లాంటి పెద్ద లోపాలకు ఎక్కువ బరువు ఇస్తుంది. అయితే దాని సభ్యులు నడిపేది అమెరికా రోడ్ల మీద, అమెరికా పెట్రోలుతో. గుంటూరు దగ్గర గుంతల రోడ్డు, కాకినాడ ఉప్పుగాలి, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆ లెక్కలో ఉండవు. అందుకే వాళ్ల జవాబులను దిగుమతి చేసుకోలేం. లెక్క కట్టే పద్ధతిని నేర్చుకోవచ్చు.

మన చేతిలో ఏమీ లేదా అంటే చాలానే ఉంది. ఎమ్‌పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కనిపిస్తాయి. మీటరు రీడింగ్ కనిపించదు. సొంత కారుకు మొదటి పదిహేనేళ్లూ ఫిట్‌నెస్ తనిఖీ లేదు కాబట్టి బ్రిటన్ తరహా చరిత్ర మనకు తయారు కాదు. కానీ బీఎస్ 4, బీఎస్ 6 బండ్లు ఏడాదికోసారి పొల్యూషన్ పరీక్షకు వెళ్లాలి. ఆ కేంద్రం నంబర్ ప్లేటు ఫొటో తీసి వివరాలను ఆన్‌లైన్‌లో పెడుతుంది. అదే నిమిషంలో రీడింగ్ అంకెను కూడా ఎక్కిస్తే, బెల్జియం చేసిన పనిలో సగం కొత్త ఖర్చు లేకుండా మన దగ్గర జరిగిపోతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో, లోపమున్న మోడళ్లను వెనక్కి పిలిపించమని కంపెనీలను ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. 2023లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ వచ్చాక కారు కొనేవాళ్లు భద్రతా స్టార్ల గురించి అడగడం మొదలుపెట్టారు. కొనేవాళ్ల ప్రశ్న ఇంత త్వరగా మారగలిగినప్పుడు మన్నిక విషయంలోనూ మారుతుంది.

ప్రభుత్వం అది చేసేలోపు మనం చేయగలిగింది ప్రశ్న మార్చడం. "ఎలా ఉంది?" అని అడగొద్దు. ఏ భాగం, ఏ కిలోమీటరు దగ్గర, మొదట మార్చారని అడగండి. బండి షెడ్డులో ఎన్ని రోజులు నిలిచిందో, సామాను దొరకడానికి ఎంతకాలం పట్టిందో అడగండి. ఏ ఏడాది మోడల్, ఏ ఇంజన్, ఏ గేరుబాక్సు అన్నది తప్పక రాసుకోండి. ఒకే పేరుతో అమ్మే బండిలో రెండేళ్ల తేడాతో లోపలి గేరుబాక్సే మారిపోయి ఉండొచ్చు. వాడుతున్నవాళ్లతో ఆగకుండా, అమ్మేసినవాళ్లను వెతికి పట్టుకుని ఎందుకు అమ్మారో అడగండి. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటారా అని అడిగి, జవాబుకు ముందు వచ్చే మౌనాన్ని కూడా గమనించండి. ఒక్కరి మాట మీద నిలబడకండి. ట్యాక్సీగా తిప్పేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. విజయవాడ బస్టాండ్ బయట, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దారిలో రెండు మూడు లక్షల కిలోమీటర్లు నడిపిన డ్రైవర్లు దొరుకుతారు. బండి సొంతమైనా దాన్ని వాళ్లు పని కోసం చూస్తారు, పరువు కోసం చూడరు. కంపెనీ బ్రోషర్‌లో దొరకని విషయాలు వాళ్ల దగ్గర ఉన్నాయి.

మీ కారును అమ్మే రోజు వచ్చినప్పుడు సర్వీసు బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి ఆర్‌సీతో పాటు కొన్నవారి చేతికి ఇవ్వండి. పెద్ద రిపేరు బిల్లు ఉంటే దాన్ని తీసేయకండి.