చప్పట్లు తీసేసిన కచేరీ

మన క్లబ్ మీటింగుల్లో పాటల ప్రస్తావన వస్తే చర్చంతా సాహిత్యం మీదే నడుస్తుంది. ఎవరు రాశారు, ఏ చరణంలో ఏ మాట బాగా పడింది, ఏ పోలిక కొత్తగా ఉంది. సాహిత్యం క్లబ్ కాబట్టి అది సహజమే. కానీ మాటల్లేని సంగీతం దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకే తీర్పు ఇచ్చేస్తారు: "చదువుకునేటప్పుడు వెనకాల పెట్టుకోడానికి బాగుంటుంది." ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. సాక్ష్యంగా ఒకే ఒక్క ఆల్బమ్ తీసుకొస్తున్నాను. జపాన్ బ్యాండ్ కాసియోపియా 1982లో తెచ్చిన 'మింట్ జామ్స్'.

ముందు చిన్న పరిచయం. కాసియోపియా అనగానే కాసియో వాచీలు గుర్తొస్తాయి గానీ ఆ కంపెనీకీ వీళ్ళకీ సంబంధం లేదు. అది నక్షత్రమండలం పేరు. మన వాళ్ళు శర్మిష్ఠ అంటారే, అదే. వీళ్ళు వాయించేది ఫ్యూజన్. జాజ్ నుంచి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే పద్ధతి, అంటే మన కర్ణాటక సంగీతం వాళ్ళు మనోధర్మం అనే దాన్ని తీసుకుని, దానికి రాక్ సంగీతంలోని ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ జోరు కలిపిన సంగీతం. 1970లలో అమెరికాలో మహావిష్ణు ఆర్కెస్ట్రా, వెదర్ రిపోర్ట్ లాంటి బ్యాండ్లు దీన్ని పెద్ద స్థాయికి తీసుకెళ్ళాయి. ఆ దశాబ్దం చివరికి జపాన్ కుర్రాళ్ళు అందుకున్నారు. కాసియోపియా మొదటి ఆల్బమ్ 1979లో వచ్చింది. అందులో బ్రెకర్ సోదరులు, డేవిడ్ శాన్‌బోర్న్ లాంటి అమెరికన్ జాజ్ వాళ్ళు అతిథులుగా వాయించారు.

ఇదంతా మనకి మరీ దూరపు సంగతేం కాదు. మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టిన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ తర్వాత 'రిమెంబర్ శక్తి'లో పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవరినో తెలుసా? పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని. ఆయన మాండొలిన్ మీద వాయించిన కీర్తనల్లోనూ మాటలు వినపడవు. అయినా దాన్ని వెనకాల పెట్టుకునే సంగీతం అని మనలో ఎవరూ అనరు.

ఇక 'మింట్ జామ్స్'. ఈ పేరు వెనక ఒక పజిల్ ఉంది, మన బ్రాంచ్ వాళ్ళకి నచ్చుతుంది. బ్యాండ్‌లో నలుగురు. గిటార్ ఇస్సే నోరో, కీబోర్డ్స్ మినోరు ముకాయా, బేస్ గిటార్ తెత్సువో సకురాయ్, డ్రమ్స్ అకిరా జింబో. నలుగురి పేర్లూ ఇంటిపేర్లూ తీసుకుని ఇంగ్లిష్‌లో మొదటి అక్షరాలు రాసుకోండి. ఎనిమిది అక్షరాలు వస్తాయి. వాటిని అటూ ఇటూ మారిస్తే 'మింట్ జామ్స్'. ఒక్క అక్షరం మిగలదు, ఒక్కటి తగ్గదు.

ఈ ఆల్బమ్‌ని 1982 ఫిబ్రవరిలో టోక్యోలో, త్సుకిజి దగ్గరి ఒక హాల్లో, ప్రేక్షకుల ముందు వాయిస్తూ రికార్డ్ చేశారు. అంటే ఇది లైవ్ ఆల్బమ్. మామూలుగా లైవ్ ఆల్బమ్ అంటే జనం అరుపులు, ఈలలు, చప్పట్లు ఉండాలి. అవి ఉంటేనే మనం అక్కడున్నట్టు అనిపిస్తుందని వాటిని కావాలనే పెంచుతారు కూడా. వీళ్ళు రివర్స్‌లో వెళ్ళారు. జనం చప్పుళ్ళు చాలావరకు తీసేశారు. తెలియని వాళ్ళకి ఇస్తే స్టూడియోలో కూర్చుని నెలల తరబడి చెక్కారేమో అనుకుంటారు. అంత శుభ్రంగా ఉంటుంది.

ఈ శుభ్రతే కొంతమందికి నచ్చదు. "టెక్నికల్‌గా సూపర్, కానీ ఫీల్ లేదు" అంటారు. నాకు ఈ మాట బాగా పరిచయం. ఇంజినీరింగ్ వాళ్ళు రాసిన కవితల గురించీ ఇదే అంటారు కదా. లెక్క కరెక్ట్‌గా ఉన్న చోట మనసు ఉండదనీ, మనసు ఉన్న చోట లెక్క కొంచెం తప్పాలనీ ఒక నమ్మకం మన చుట్టూ గట్టిగా ఉంది. నా వాదన ఏంటంటే, ఈ ఆల్బమ్‌లో లెక్క తప్పకపోవడమే ఫీల్.

'డామినో లైన్' వినండి, అర్థమవుతుంది. అందులో సకురాయ్ ఒక్కడే బేస్ మీద సోలో వాయించే భాగం ఉంది, జింబో ఒక్కడే డ్రమ్స్ మీద చెలరేగిపోయే భాగం ఉంది. ఒకడు ఎంత దూరం వెళ్ళినా మిగతా వాళ్ళు లోపల తాళం లెక్కపెట్టుకుంటూనే ఉంటారు. మళ్ళీ కలవాల్సిన చోట నలుగురూ ఒకే క్షణంలో దిగుతారు. అలా దిగాలంటే చేతి వేళ్ళ వేగం ఒక్కటే సరిపోదు. పక్కవాడు ఏం చేస్తున్నాడో వినాలి. వాడు తిరిగొస్తాడని నమ్మాలి. గ్రూప్ ప్రాజెక్ట్ చేసిన ఎవరికైనా ఇది తెలుసు. అందరి మాడ్యూల్సూ విడివిడిగా చక్కగా పనిచేస్తాయి, కలిపిన రోజు మాత్రం ఏదీ పనిచేయదు. కలపడం అనేది వేరే విద్య. ఈ నలుగురికీ ఆ విద్య వచ్చు.

'అసయాకే' సంగతి ఇంకోటి. ఆ జపనీస్ మాటకి తెల్లవారుజామున ఆకాశం ఎర్రబడటం అని అర్థం. దీనికి తెలుగులో 'కెంజాయ' అనే మాట దగ్గరగా ఉంటుందని ఒక సీనియర్ అక్క చెప్తే తెలిసింది. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాడికి ఒక జపాన్ ట్యూన్ వల్ల ఒక తెలుగు మాట దొరికింది. అయితే ఆ ట్యూన్ నిదానంగా, సూర్యోదయం వాల్‌పేపర్‌లా ఉంటుందనుకోకండి. నోరో గిటార్ తీగల్ని చకచకా తెంపుతున్నట్టు మొదలుపెడతాడు, అక్కడినుంచి పరుగే. పొద్దున్నే ఊరు నిద్రలేచే హడావిడి వినిపిస్తుంది నాకు. ఇంకొకరికి వేరేది వినిపించొచ్చు. మాటలు లేకపోవడం వల్ల ఆ వెసులుబాటు ఉంది.

దీనిమీద రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ న్యాయమైనవే.

మొదటిది, ఇది వీడియో గేమ్ మ్యూజిక్‌లా ఉంది అనేది. నిజమే, కార్ రేస్ గేమ్ గుర్తొస్తుంది. కానీ తేదీలు చూడండి. నింటెండో వాళ్ళ ఫామికామ్ జపాన్‌లో అమ్మకానికి వచ్చింది 1983లో. ఈ ఆల్బమ్ అంతకు ముందు ఏడాదిది. తాత పోలికలు మనవడిలో కనిపిస్తే తాత మనవడిలా ఉన్నాడని అనం కదా.

రెండోది కాస్త కష్టమైన ప్రశ్న. ఇప్పుడు ఒక్క వాక్యం ప్రాంప్ట్ ఇస్తే 'ఎనభైల జపాన్ ఫ్యూజన్' లాంటి ట్రాక్ నిమిషాల్లో తయారైపోతుంది. తాళం తప్పదు, శ్రుతి తప్పదు. మరి నలుగురు మనుషులు ఏళ్ళు కష్టపడి సాధించిన ఆ కచ్చితత్వానికి ఇంకా విలువేంటి? నేను చదివే బ్రాంచ్ అదే కాబట్టి ఈ ప్రశ్న నన్ను ఊరికే వదలదు. రేపు మేం రాసే కోడ్ గురించీ ఇదే అడుగుతారు, ఇప్పటికే అడుగుతున్నారు.

నా జవాబు ఇది. మెషీన్ ట్రాక్‌లో తాళం తప్పడానికి అవకాశమే లేదు, కాబట్టి తప్పకపోవడంలో విశేషం కూడా లేదు. 'టైమ్ లిమిట్' ఆ వేగంలో వెళ్తుంటే ఏ క్షణంలోనైనా ఎవరో ఒకరు జారిపోవచ్చు. జారట్లేదు. జారకుండా ఒకర్నొకరు పట్టుకుంటున్నారు. నేను వింటున్నది ఆ పట్టుకోవడాన్ని. ఆ చప్పట్లు తీసేయడం కూడా నాకు ఇందుకే నచ్చింది. జనం ఊగిపోయారు కాబట్టి నువ్వూ ఊగు అని అనకుండా, వాయించినదాన్ని మన ముందు పెట్టి పక్కకి తప్పుకున్నారు.

ఇందులో కీబోర్డ్స్ వాయించిన ముకాయా తర్వాత ఏం చేశాడో చెప్తే ఈ వాదన ఇంకాస్త బలపడుతుంది. ఆయనకి రైళ్ళంటే పిచ్చి. ఆయన కంపెనీ ఓంగాకుకాన్ 1995 నుంచి 'ట్రైన్ సిమ్యులేటర్' గేమ్స్ తయారుచేసింది. రైల్వే సంస్థల శిక్షణకి నిజమైన సిమ్యులేటర్లు కూడా చేస్తుంది. జపాన్ స్టేషన్లలో రైలు బయల్దేరే ముందు ఒక చిన్న ట్యూన్ వినిపిస్తుంది. చాలా స్టేషన్లకి ఆ ట్యూన్లు కట్టింది ఆయనే. కొన్ని సెకన్ల వ్యవధి, పరిగెత్తుకొచ్చే ప్రయాణికుడు, మూసుకోబోయే తలుపులు. అంత ఇరుకులో వినేవాడిని కంగారు పెట్టకుండా తొందరపెట్టాలి. అది ఇంజినీరింగా, సంగీతమా? విడదీయగలిగితే విడదీయండి.

ఆల్బమ్‌లో అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయని చెప్పను. 'టియర్స్ ఆఫ్ ద స్టార్' లాంటి నిదానమైన ట్యూన్లో కీబోర్డ్ శబ్దాలకి వయసు తెలిసిపోతుంది. మొదటి ట్యూన్ 'టేక్ మీ' హోటల్ లిఫ్ట్‌లో వినిపించినా ఆశ్చర్యం లేదు. అయినా మొత్తం ఏడు ట్యూన్లే. ఒక ల్యాబ్ సెషన్‌లో సగం కూడా పట్టదు.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఫోన్ బోర్లించి, ఇంకే పనీ పెట్టుకోకుండా 'డామినో లైన్' రెండుసార్లు వినండి. మొదటిసారి బేస్ ఒక్కదాన్నే వెంబడించండి, రెండోసారి డ్రమ్స్‌ని. తర్వాత వచ్చే మీటింగ్‌లో, ఏ చరణం బాగుందో చెప్పినట్టే, ఏ చోట నలుగురూ కలిసినప్పుడు మీకు ఒళ్ళు జలదరించిందో చెప్పండి. జలదరించలేదంటే అదీ చెప్పండి, వాదించుకుందాం. "వెనకాల పెట్టుకోడానికి బాగుంది" అని మాత్రం అనకండి.