ఊఁ కొట్టే దెవరు?

"మా వాడికి యెనిమిదేళ్లు. ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నాడు. తెలుగు చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. వినమంటే మాత్రం గంటసేపైనా కదలడు. అందుకని రోజూ రాత్రి సెల్‌ఫోనులో చరిత్ర కథలు పెట్టి, నా పని నేను చూసుకుంటున్నాను. మొన్న బొబ్బిలి కథ విన్నాడు. మర్నాడు అన్నం తింటూ, 'అమ్మా, కోటలో ఆడవాళ్లని వాళ్లవాళ్లే చంపేశారట గదా! చంపే ముందు వాళ్లని అడిగారా?' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. యీ కథలు వినిపించడం మానెయ్యమంటారా?" అని వొక సోదరి వ్రాశారు.

మానవద్దు. అంత చక్కని ప్రశ్న వేసిన పిల్లవాడి చెవులు మూయడం యేం న్యాయం? అయితే, ఆ వుత్తరంలో "నా పని నేను చూసుకుంటున్నాను" అన్న ముక్క దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పాడ్‌కాస్టు అన్న మాట వింటేనే బెదిరిపోయే పెద్దవాళ్లు యింకా వున్నారు. బెదరవలసిన పని లేదు. అది రేడియోకు చెల్లెలు. 2004లో గార్డియన్ పత్రికలో బెన్ హామర్స్‌లీ అనే విలేఖరి, ఐపాడ్‌లోని 'పాడ్'కూ బ్రాడ్‌కాస్ట్‌లోని 'కాస్ట్'కూ ముడిపెట్టి యీ పేరు వాడాడు. మరుసటి యేడే అమెరికాలో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు దాన్ని ఆ సంవత్సరపు మాటగా యెన్నుకున్నారు. రేడియోకు దాని వేళకు మనం వెళ్లాలి. పాడ్‌కాస్టు మన వేళకు తానే వస్తుంది. వొకసారి చందాదారుగా చేరితే చాలు, కొత్త భాగం వచ్చినప్పుడల్లా పాలప్యాకెట్టు గుమ్మంలో పడ్డట్టు ఫోనులో వచ్చి పడుతుంది.

పిల్లలకు చెవి ద్వారా కథ అందించడం మనకు కొత్త గాదు. న్యాయపతి రాఘవరావుగారూ, కామేశ్వరిగారూ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై తెలుగు పిల్లలందరికీ చుట్టా లయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. వారు చేసిన గొప్ప పని యేమిటంటే, పిల్లల్ని వినేవాళ్లుగా మాత్రమే వుంచలేదు. మైకు ముందు కూర్చోబెట్టి వాళ్లచేతనే పాడించారు, మాట్లాడించారు. అన్నయ్య యేదైనా అంటే పిల్లలు బదులు చెప్పేవారు. ఇంట్లో రేడియో ముందు కూర్చున్న పిల్లలకు ఆ బదులు తమదే అనిపించేది.

మన ఇళ్లలోనూ కథకు వొక నియమం వుండేది. చెప్పేవాళ్లు చెబుతూ వుంటే, వినేవాళ్లు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందా, కథ ఆగిపోతుంది. పిల్ల నిద్రపోయిందో, భయపడిందో, విసుగెత్తిందో ఆ ఊఁని బట్టి మామ్మ చీకట్లోనే గ్రహించేది. రాక్షసుడు మరీ జడిపిస్తున్నాడనుకుంటే నాలుగు మాటల్లో వాణ్ని చంపేసి, రాజకుమారుడి పెళ్లి భోజనం మొదలుపెట్టేది. ఫోనుకు యీ ఊఁ వినిపించదు. పిల్లవాడు దుప్పట్లో వణుకుతున్నా, దాని కథ అది చెప్పుకుంటూ పోతుంది.

బుర్రకథ కట్టినవారు యీ రహస్యం బాగా యెరిగినవారు. నడుమ తంబురా మీటుతూ కథకుడు, అటూ యిటూ యిద్దరు వంతలు. వంతల్లో వొకరు హాస్యం చెబుతారు, రెండోవారు రాజకీయం చెబుతారు. కథకుడు వీరావేశంలో యెంత యెత్తుకు పోయినా, అదెట్లా జరిగిందని నిలదీసే హక్కు వాళ్లకున్నది. పల్నాటి యుద్ధం వంటి కథలు చెప్పి 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్‌గారి వంటి మహా కథకుడికీ పక్కన వంతలు కావలసివచ్చారు.

విచిత్రం చూడండి. బీబీసీవారు 2019లో 'యూ ఆర్ డెడ్ టు మి' అని వొక చరిత్ర పాడ్‌కాస్టు మొదలుపెట్టారు. గ్రెగ్ జెన్నర్ దాన్ని నడిపిస్తాడు. ఆయనకు వొక పక్కన చరిత్ర పండితుడో పండితురాలో, రెండో పక్కన హాస్యనటుడో హాస్యనటో కూర్చుంటారు. తంబురా లేదు గాని, మన బుర్రకథ అమరికే! అది పెద్దవాళ్లకు. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, ఆ జెన్నరే పిల్లల కోసం 'హోమ్‌స్కూల్ హిస్టరీ' అని పావుగంట భాగాలు చేశాడు. పావుగంట అన్నది గమనించండి. పిల్లవాడి చెవికి అది నిండైన భోజనం.

ఇక బొబ్బిలికి వద్దాం. పిల్లవాడి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, యేది జరిగిందో, యేది చెప్పుకున్నదో విడదీసుకోవాలి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి మట్టికోటను ముట్టడించాయి. కోట నిలవదని తేలాక, లోపలివాళ్లు తమ స్త్రీలనూ పిల్లలనూ తామే చంపి, యిళ్లకు నిప్పంటించి, చివరిదాకా పోరాడారు. దొర రంగారావు మరణించాడు. ఆయన పసికొడుకు మాత్రం బతికి బయటపడ్డాడు. కొద్దిరోజులకే విజయరామరాజు తన డేరాలో హతుడయ్యాడు. అప్పట్లో మద్రాసులో కంపెనీ వుద్యోగి అయిన రాబర్ట్ ఆర్మ్ తన చరిత్ర గ్రంథంలో యీ ఘోరం వ్రాశాడు. ఆయన కోటలో లేడు. చెప్పగా విని వ్రాశాడు.

తాండ్ర పాపారాయుడి శపథం, మల్లమ్మ పలుకులు మనకు కథకుల గొంతుల్లోంచి, 1964లో 'బొబ్బిలి యుద్ధం', 1986లో 'తాండ్ర పాపారాయుడు' సినిమాల్లోంచి వచ్చాయి. అవి గొప్ప మాటలే కావచ్చు. కాని అవి కవులు మల్లమ్మచేత పలికించిన మాటలు. ఆ రోజు కోటలో వున్న స్త్రీ యేమన్నదో, యేమనుకున్నదో వ్రాసిపెట్టుకున్న చెయ్యి లేదు.

కనుక ఆ సోదరి తన కొడుకుతో నిజమే చెప్పవచ్చు: "అడిగారో లేదో యెవరూ వ్రాయలేదు, నాన్నా. వ్రాసినవాళ్లు మగవాళ్లు, అందులోనూ బయటివాళ్లు. నీకేమనిపిస్తున్నది?" అని. పిల్లవాడు తనకు తోచింది చెబుతాడు. తప్పయినా చెప్పనివ్వండి. వీరుల్ని మెచ్చుకోవడం, వాళ్లు చేసిన ప్రతి పనికీ తల వూపడం రెండూ వొకటి కావని వాడికి అన్నం పళ్లెం ముందే తెలుస్తుంది. యీ పాఠం పదిహేనేళ్లు దాటి కాలేజీకి వచ్చిన పిల్లలకు బోర్డు మీద చెప్పడం యెంత కష్టమో నాకు తెలుసు.

అందుకే ఆ "నా పని నేను చూసుకుంటున్నాను" దగ్గర ఆగాను. తల్లికి పని వుండదా? వుంటుంది. రాత్రి పెరుగు తోడుపెట్టాలి, మర్నాటి కూర తరగాలి, మధ్యలో ఆఫీసు ఫోను. ప్రతి కథకూ పక్కన కూర్చోమనడం లేదు. కూర తరుగుతూనే వినవచ్చు. తండ్రి బట్టలు మడతపెడుతూ వినవచ్చు. చెవికి చేతులతో పని లేదు గదా! కావలసినదల్లా కథ యింట్లో పదిమందికీ వినపడేటట్లు పెట్టడం. పిల్లవాడి చెవుల్లో యియర్‌ఫోన్లు పెట్టి తలుపు మూస్తే, కథకుడూ పిల్లవాడూ మిగులుతారు, వంత వుండడు.

కథలు యెంచుకోవడంలో నేను చూసేవి నాలుగు. మొదటిది, చెప్పేవాళ్లు "యిది జరిగింది", "యిది జనం చెప్పుకుంటారు" అని వేరు చేస్తున్నారా? పుస్తకంలో అయితే వేలు పెట్టి వెనక్కు చూసుకోవచ్చు. వింటున్న మాట గాలిలో పోతుంది. నమ్మకం మాత్రం మిగిలిపోతుంది. రెండోది, తెలుగు తెలుగులా వినిపిస్తున్నదా? ల, ళ తేడా, ఒత్తు, వాక్యం విరుపు చూడండి. ఇప్పుడు కొన్ని కథల్ని మనిషి గాక కంప్యూటరు కల్పించిన గొంతు చదువుతున్నది. అది నవ్వవలసిన చోటా, యేడవవలసిన చోటా వొకే తీరుగా పోతుంటే వెంటనే ఆపెయ్యండి. మూడోది, భాగానికీ భాగానికీ మధ్య వ్యవధి వుంచండి. వొక కథ అయిపోగానే రెండోది దానంతటదే మొదలయ్యే యేర్పాటు ఫోనులో వుంటుంది, దాన్ని తీసెయ్యండి. అడగవలసిన ప్రశ్న ఆ ఖాళీలోనే పుడుతుంది. నాలుగోది, కథ అయ్యాక దేశపటం తీసి ఆ వూరెక్కడో చూపించండి. బొబ్బిలి విజయనగరం జిల్లాలోనే వున్నదనీ, రైలెక్కి వెళ్లవచ్చుననీ తెలిస్తే, చరిత్ర పిల్లవాడికి చుట్టాలవూ రవుతుంది.

తెలుగు చదవలేకపోతున్నాడన్న బెంగ ఆ సోదరికి వున్నది. నా తరగతిలోనూ అలాంటివాళ్లు వస్తారు. పద్యం చూసి చదవమంటే తడబడతారు. నేను పైకి చదివితే సగం అర్థం వాళ్లకే దొరుకుతుంది. చిన్నప్పుడు చెవిన పడ్డ మాట యెక్కడికీ పోదు. విన్న కథే పుస్తకంలో కనిపిస్తే, తెలిసిన ముఖం చూసినట్టు అక్షరం పలకరిస్తుంది. డల్లాస్‌లోనో, సిడ్నీలోనో పెరుగుతున్న మన పిల్లలకు యీ దారే మిగిలివున్నది.

చివరగా వొక మాట. ఆ ఫోను వినిపించడానికే కాదు, రికార్డు చెయ్యడానికీ పనికివస్తుంది. మీ అత్తగారో, తాతగారో కరువు రోజులో, వరద రోజులో, తమ పెళ్లికి బండి కట్టుకుని వెళ్లిన రోజో చెబుతుంటే రికార్డు చేసి వుంచండి. పేరు, వూరు, తేదీ మొదట్లోనే చెప్పించండి. మధ్య మధ్య పిల్లల ఊఁ కూడా పడుతుంది. చప్పుడని చెప్పి దాన్ని తీసెయ్యకండి.