జెట్‌లో తీగ గుచ్చకండి
1983లో వచ్చిన రాజ్‌దూత్ 350ని ఎక్కడో పట్టుకొచ్చి, ట్యాంకుకి పాలిష్ కొట్టించి, ఫొటో పెట్టేసి ‘రిస్టోరేషన్’ అంటున్నారు. లోపల రెండు కార్బురేటర్లూ ఎండిన పెట్రోలుతో జిగటపట్టి ఉన్నాయి. విప్పండి బాబూ! తీగతో గుచ్చితే జెట్ రంధ్రం పెద్దదైపోతుంది. అది ఇక కొలత కాదు, ఉత్త చిల్లు. రెండు స్లైడ్లూ ఒక్కసారే లేవాలి. లేదంటే ఒక సిలిండర్ మోస్తుంది, రెండోది ఊరేగుతుంది. పెట్రోలు చాలకపోతే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది.

ఇదంతా చెవితో విని సరిచేసే మెకానిక్‌తో వందకీ రెండొందలకీ బేరం! క్యాప్షన్‌లో ఆయన పేరుండదు. 2020లో బీఎస్6 వచ్చాక చాలా కొత్త బైకుల్లో మామూలు కార్బురేటర్లే లేవు. ఇక ఈ పని ఏ కుర్రాడు నేర్చుకుంటాడు? పాతకాలం మీద అంత ప్రేముంటే, ముందు ఆయన అడిగినంత ఇవ్వండి.