పిస్తోలు పని ఇంట్లో వద్దు
హైదరాబాద్ మూసారాంబాగ్ గల్లీల్లో మిక్సీ ఆగినా, బండి మొరాయించినా ఇంట్లోనే విప్పి బాగు చేసుకునేవాళ్లు ఎందరో. ఆ నేర్పంటే నాకు గౌరవం. పిస్తోలు దగ్గర మాత్రం అది వద్దు. లైసెన్సు ఉన్నదే కదా, అరిగిన భాగం మార్చుకుంటే తప్పేమిటంటారు. లోపల ట్రిగ్గరు నొక్కేదాకా హ్యామరును పట్టి ఆపేది గోరంచంత ఇనుప మెట్టు. కొత్త భాగం సరిగ్గా కూర్చోలేదని దాని అంచును ఆకురాయితో కాస్త రుద్దారా, ఆ పిస్తోలు బల్ల మీంచి జారిపడినా పేలొచ్చు. గోడకు అవతల పక్కింటి పిల్లలు పడుకుని ఉంటారు! 1959 ఆయుధాల చట్టం విడి భాగాలనూ ఆయుధాల కిందే లెక్కేస్తుంది. మరమ్మతుకు లైసెన్సు ఉండాలంటుంది. 2019 సవరణ తర్వాత అక్రమ మరమ్మతుకు శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పడొచ్చు. మా మూసారాంబాగ్ పేటకు తన పేరు మిగిల్చి 1798లో కన్నుమూసిన ఫ్రెంచి సేనాని రేమండ్ కూడా నిజాం ఫిరంగులను గన్‌ఫౌండ్రీ కార్ఖానాలో, పని తెలిసినవాళ్ల చేతనే పోత పోయించాడు. అయితే భయపెట్టి ఊరుకుంటే చాలదు, దారి కూడా చూపాలి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను ఠాణాల్లో జమ చేయిస్తారు కదా, అప్పుడే తుపాకులు బాగుచేసే పోలీసు ఆర్మరర్లు వాటిని పరీక్షించి, అరిగిన భాగాలేవో యజమానికి రాసివ్వాలి. లైసెన్సున్న మరమ్మతుదారుల జాబితా ప్రతి ఠాణా గోడ మీదా అంటించాలి.