మాట పడిపోయిన రాత్రి

అమెరికాలో ఉన్న అబ్బాయితో వాట్సాప్‌లో మాట్లాడనిదే కొందరు తల్లులకు ముద్ద దిగదు. 2021 అక్టోబరు 4న, మనకు రాత్రి తొమ్మిది దాటాక, ఆ మాట ఉన్నట్టుండి పడిపోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కూడా మూగవోయాయి. మూడింటికీ యజమాని ఒకరే కదా! మరమ్మతు వేళ ఇచ్చిన ఒక ఆదేశం పొరపాటున ఆ కంపెనీ యంత్రాల మధ్య దారులన్నీ తెంపేసింది. బాగుపడడానికి దాదాపు ఆరు గంటలు పట్టింది.

మామూలు ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. కాని నంబరు తెలియాలి కదా!

కనుక అమ్మా, అబ్బాయి నంబరు, ముందు 001 చేర్చి, క్యాలెండరు అట్టమీద రాసి ఉంచుకోండి. అతని స్నేహితుడిదీ రాయండి. విదేశాలకు పిలిచే సౌకర్యం మీ ఫోనుకు ఉన్నదో లేదో ఇవాళే కనుక్కోండి. పిలుపు రాకపోతే ముందు యంత్రాన్ని అనుమానించండి. బిడ్డకేమైందోనన్న బెంగ ఆ తరవాత.