శిక్ష తగ్గించే మాత్ర

హెచ్‌బీఓ ఛానెల్ కోసం టామ్ ఫాంటానా సృష్టించిన ‘ఓజ్’ 1997 నుంచి 2003 వరకు ఆరు సీజన్లుగా వచ్చిన జైలు కథ. మిగిలిన సీజన్లన్నింటికీ ఎనిమిదేసి ఎపిసోడ్లు. నాలుగోదానికి మాత్రం 16. అందులో సగం 2000 వేసవిలో, సగం 2001 ఆరంభంలో ప్రసారమయ్యాయి. చీకటి త్వరగా పడే ఐరిష్ శీతకాలంలో ఆ సీజన్‌ను మళ్ళీ చూశాను. తొలి సగం మీద ఏర్పడిన గౌరవాన్ని మలి సగం చాలావరకు పోగొట్టింది. ఆ పోగొట్టిన తీరు గురించి వైద్యవృత్తిలో ఉన్నవాడిగా నేను చెప్పవలసినది కొంత ఉంది.

తొలి సగానికి ఆయువుపట్టు అడెబిసి, సయీద్‌ల వైరం. ‘ఎమరాల్డ్ సిటీ’ అనే ప్రయోగాత్మక విభాగాన్ని అడెబిసి తన గుప్పిట్లోకి తెచ్చుకుంటాడు. హింసను నిరాకరించి తోటి ముస్లిం ఖైదీలకు నాయకత్వం వహించే సయీద్, అతడిని కూలదోయడానికి అతడి పక్కనే చేరతాడు. చివరికి ప్రాణరక్షణకై అతడిని చంపవలసి వస్తుంది. బతికి బయటపడినవాడే తన నమ్మకాన్ని పోగొట్టుకున్న ఆ ముగింపులో సయీద్‌గా నటించిన ఎమన్ వాకర్ ముఖం చూస్తే చాలు, సంభాషణ అక్కరలేదు.

జైలు వైద్యురాలు గ్లోరియా నేథన్ పాత్ర కూడా అంతే బలమైనది. మెదడు దెబ్బతిని పసిబుద్ధితో మిగిలిన సిరిల్ ఓరైలీ, అన్న రయన్ పురికొల్పగా ఆమె భర్తను చంపాడు. ఆ రయన్ ఆమె వద్ద క్యాన్సర్‌కు చికిత్స పొందినవాడే. రోగిని మనం ఎంచుకోలేమన్న వృత్తిధర్మాన్ని ఉపన్యాసం లేకుండా చూపిన పాత్ర అది. ఈ ఐరిష్ అమెరికన్ సోదరులుగా నటించిన డీన్ వింటర్స్, స్కాట్ విలియం వింటర్స్ నిజజీవితంలోనూ అన్నదమ్ములే. ఆ చనువు తెరమీద తెలుస్తుంది.

ఇక మలి సగం. శరీరానికి వేగంగా ముసలితనం తెచ్చే మాత్ర ఒకటి జైలులో ప్రయోగానికి వస్తుంది. మింగిన ఖైదీకి వయసు మీదపడుతుంది. బదులుగా శిక్ష తగ్గుతుంది. 16 ఎపిసోడ్లు నింపవలసిన ఒత్తిడి ఇక్కడ బయటపడింది. అటువంటి మందు అసంభవమన్నది నా అభ్యంతరం కాదు. కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది. బంధితుడి సమ్మతి నిజంగా సమ్మతేనా అన్న ప్రశ్నను కథ తాకి, లోతుకు వెళ్ళకుండానే వదిలేసిందన్నదే నా బాధ.

ఆ ప్రశ్న వేయడానికి మాయమాత్ర అవసరం లేదు. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 వరకు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఆధ్వర్యంలో, ఖైదీలకు కొద్ది డాలర్లు ముట్టజెప్పి ప్రయోగాలు జరిపారు. ఆ చరిత్రను ఎలెన్ హార్న్‌బ్లమ్ ‘ఏకర్స్ ఆఫ్ స్కిన్’ (1998) అనే పుస్తకంలో వెలికితీశాడు. అక్కడ పరీక్షించిన ట్రెటినాయిన్ తర్వాతి కాలంలో ముడతలు తగ్గించే మందుగా ప్రసిద్ధమైంది. ఖైదీల చర్మం ఇతరుల యౌవనానికి పనికివచ్చిందన్నమాట. ఈ వాస్తవం ముందు సీరియల్ మాత్ర వెలవెలబోతుంది.

నేనుంటున్న ఐర్లండుకూ ఇది పరాయి ప్రశ్న కాదు. పెళ్ళికాని తల్లులను, వారి బిడ్డలను ఉంచిన ‘మదర్ అండ్ బేబీ హోమ్స్’పై విచారణ కమిషన్ తుది నివేదిక 2021 జనవరిలో వెలువడింది. 1934, 1973 సంవత్సరాల మధ్య ఆ సంస్థలలోని పిల్లలపై ఏడు టీకా ప్రయోగాలు జరిగాయని అది తేల్చింది. స్వచ్ఛంద సమ్మతిని మొదటి సూత్రంగా నిలిపిన న్యూరెంబర్గ్ నియమావళి 1947 నాటిది. ఆ తర్వాత కూడా తల్లుల సమ్మతి లేకుండా ప్రయోగాలు సాగాయి.

సమ్మతిపత్రం మీద సంతకం తీసుకోవడం ఆసుపత్రిలో మా దినచర్య. చేతికి సంకెలతో, పక్కన జైలు అధికారులతో వచ్చిన రోగి ముందు అదే కాగితం బరువెక్కుతుంది. అతడు సరే అన్నప్పుడు, అది మాకు చెప్పిన మాటా, పక్కనున్నవారికి చెప్పిన మాటా అని ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ‘ఓజ్’లో కొరవడినది ఆ క్షణమే.

తొలి ఎనిమిది ఎపిసోడ్లను తప్పక చూడండి. తక్కిన ఎనిమిదింటిని ఓరైలీ సోదరుల కోసం ఓర్చుకోండి. మాత్ర కథ మొదలైనప్పుడు మాత్రం టీవీ ఆపి, హార్న్‌బ్లమ్ పుస్తకం తెరవడం మేలు.